అమ్మాయిని ఏ కాలేజీలో చేర్పిద్దాం?



మామిడిపళ్లు దిగే రోజుల్లోనే కాలేజీ సీట్ల బేరాలు కూడా మొదలవుతాయి. మా బనగానపల్లెలో అయితే ఈ రెండు పనులూ ఒకే ఇంట్లో, ఒకే వసారాలో జరుగుతాయి. ఒక మూల వరిగడ్డి పరిచి బేనిషా కాయలు మాగేస్తాం. ఇంకో మూల కాలేజీలవాళ్లు పంచిపెట్టిన రంగురంగుల పుస్తకాలు పరుచుకొని కూర్చుంటాం. కాయ సంగతిలో మాకు భయం లేదు. తొడిమ దగ్గర ముక్కుపెట్టి చూస్తే చాలు, లోపల ఏముందో తెలిసిపోతుంది. 2017లో ఆ పండుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కనుక ఇక దాని పేరుకు ఢోకా లేదు. కాలేజీకే తొడిమ ఎక్కడుందో తెలియక తికమకపడుతున్నాం.

మా అమ్మాయి ఈ ఏడు ఇంటర్మీడియట్ పాసయింది. లెక్కలంటే ప్రాణం. డిగ్రీ చదువుతానంటుంది. మావారు విజయవాడ వైపు ఒక పెద్ద ప్రైవేటు కాలేజీ పేరు చెబుతున్నారు. వేలమంది పిల్లలు, అంతస్తుల మీద అంతస్తులు కట్టిన హాస్టళ్లు. ఫీజు మాత్రం మా నాపరాళ్ల కొట్టు మీద ఏడాదికి మిగిలేదానికంటే ఎక్కువ. మా అత్తగారేమో "నంద్యాల ఉండగా ఎందుకమ్మా ఈ తిరుగుళ్లు? పొద్దున బస్సెక్కితే దీపాలవేళకు ఇంట్లో ఉంటుంది" అంటారు. అక్కడ కాలేజీ చిన్నది, ఖర్చు తక్కువ. ఇక అమ్మాయి తిరుపతి అంటుంది. ఆడపిల్లల కాలేజీ, ఫీజు మధ్యరకం, ఇంటికి దూరం. ముగ్గురూ మూడు దిక్కులు. నాలుగో దిక్కున నేను, పదో తరగతితో ఆగిపోయినదాన్ని, నా మాటకు విలువేముందిలే అని కాఫీలు కలిపిచ్చి ఊరుకున్నాను.

ఇంతలో ఈ ప్రసంగానికి పిలుపొచ్చింది. పాత సంగతులు నాలుగు పోగుచేసుకుంటూ ఉంటే తెలిసిందేమిటంటే, ఈ గొడవ మా వసారాలో పుట్టింది కాదు. వందేళ్లకు పైబడిన గొడవ. ఎంత ఖర్చు, ఎంత పెద్దది, ఎక్కడుంది అనే ఈ మూడు ప్రశ్నల మీద మా సీమలో ఎన్ని చదువులు నిలబడ్డాయో, ఎన్ని చదువులు కూలబడ్డాయో ఆ కథే ఇవాళ మీతో చెప్పుకుంటాను.

మొదట మా ఊరి సంగతి. పట్నాల్లో ఉండే మీకు బనగానపల్లె అంటే పండు. ఈ కాలం పిల్లలకైతే 2009లో వచ్చిన "అరుంధతి" సినిమాలోని బంగళా. ఆ బంగళా నవాబులది. 1948లో మదరాసు రాష్ట్రంలో కలిసేదాకా మాది నవాబుల సంస్థానం. 1800లో నిజాంగారు తన కింద ఉన్న సీమ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీవాళ్లకు వదిలేసినప్పుడు మా చిన్న సంస్థానం కూడా వాళ్ల నీడ కిందికి పోయింది గాని, నవాబుగారు మాత్రం గద్దె మీదే ఉన్నారు. కోట ఉండేది, బంగళా ఉండేది, తోటలుండేవి. కాలేజీ మాత్రం లేదు. అక్కడ విజయనగరం మహారాజులు 1879 నాటికే తమ ఊళ్లో కాలేజీ తరగతులు పెట్టించారు. మా వాళ్లేమో మామిడి అంట్లు కట్టించారు. ఎవరి అభిరుచి వారిది! అందుకని మా ఊరి పిల్లవాడికి పెద్దచదువు కావాలంటే సంస్థానం పొలిమేర దాటక తప్పేది కాదు.

దాటి మాత్రం ఎక్కడికి పోవాలి? అసలు చిక్కు అక్కడుంది. కోస్తా జిల్లాల్లో రాజమండ్రి, మచిలీపట్నం, కాకినాడ, గుంటూరు, ఎటు చూసినా పంతొమ్మిదో శతాబ్దం ముగిసేలోపలే కాలేజీలు లేచాయి. దానికి కారణం వాళ్లకు తెలివి ఎక్కువై కాదు, నీళ్లు ఎక్కువై. 1852 నాటికి గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర, 1855 నాటికి కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్టలు పూర్తయ్యాయి. కాలువలు పారాయి, రెండు పంటలు పండాయి, చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. డబ్బుంటే జమీందారు కాలేజీకి చందా ఇస్తాడు, రైతు కొడుకును పట్నం పంపుతాడు. మా దత్తమండలాల్లో 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువుకు ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. గంజికేంద్రాల చుట్టూ తిరిగే జనం కాలేజీ అడుగుతారా? కర్నూలు వైపు పిల్లవాడు బి.ఏ. చదవాలంటే మదరాసు పోయి ప్రెసిడెన్సీ కాలేజీలోనో, క్రిస్టియన్ కాలేజీలోనో చేరాలి. అంటే ఏ కాలేజీ అన్న ప్రశ్నే లేదు. మదరాసు పోగలవా, పోలేవా? అంతే.

ఆ ప్రశ్నకు ముడి విడింది 1915, 1916 సంవత్సరాల్లో. ఏడాది తేడాలో సీమకు రెండు కాలేజీలొచ్చాయి. వచ్చినవి రెండూ ఒకదానికొకటి పోలికే లేనివి. 1915లో మదనపల్లెలో అనిబిసెంటమ్మగారు పెట్టిన దివ్యజ్ఞాన కళాశాల ఒకటి. 1916లో అనంతపురంలో సర్కారువారు పెట్టిన దత్తమండల కళాశాల ఇంకొకటి. చూడండి, మన సీమ తల్లిదండ్రులకు "ఇదా, అదా" అని తగువులాడుకునే భాగ్యం మొదటిసారి అప్పుడే కలిగింది!

మదనపల్లె చల్లని ఊరు. చుట్టూ కొండలు. చదువు చెప్పేవాళ్లలో దేశదేశాలవాళ్లుండేవారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగూరుగారు అక్కడ కొన్నాళ్లు విడిది చేశారు. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ అనే ఐర్లండు దేశస్థుడు. మన జనగణమన గీతాన్ని టాగూరుగారు ఇంగ్లీషులోకి మార్చి రాసింది అక్కడే. కజిన్స్ గారి భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరం కూర్చారు. ఆలోచించండి, ఒక చిన్న ఊరి కాలేజీ. పెద్ద భవనాలు, వేలమంది పిల్లలు ఉంటే అంత పెద్దాయన సాయంత్రంపూట పిల్లల మధ్య కూర్చుని పాడి వినిపించే వీలుండేదా అని నాకనిపిస్తుంది.

అనంతపురం సంగతి వేరు. అక్కడ చలవ లేదు, కొండగాలి లేదు. ఎండ, ఎర్రమట్టి. కాని సర్కారు కాలేజీ కనుక సామాన్యుడికి అందుబాటులో ఉండేది. నాలుగు జిల్లాల రైతుల పిల్లలూ, గుమాస్తాల పిల్లలూ అక్కడికే చేరారు. 1929లో గాంధీగారు అనంతపురం వచ్చినప్పుడు ఆయన్ను చూసి మనసు మారిపోయిన కుర్రవాడు ఒకడు 1931లో ఆ కాలేజీ చదువు మానేసి ఉద్యమంలోకి వెళ్లిపోయాడు. ఆయనే నీలం సంజీవరెడ్డిగారు. 1956లో ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి అయ్యారు. మధ్యలో చదువు మానేసినవాళ్లంతా రాష్ట్రపతులవుతారని మీ అబ్బాయితో మాత్రం చెప్పకండి!

ఆ కాలేజీలోనే చిలుకూరి నారాయణరావుగారని తెలుగు పండితులు పనిచేసేవారు. 1928 నవంబరులో మా నంద్యాలలో సభలు జరిగాయి. మనల్ని ఎవరో ఎవరికో దత్తం చేసినట్టు "దత్తమండలాలు" అనడమేమిటి, రాయలేలిన సీమ గనుక రాయలసీమ అందాం అని ఆ సభలో ప్రతిపాదించింది వారే. సభ ఒప్పుకుంది. ఇవాళ మనం నోరారా అనుకుంటున్న పేరు ఒక కాలేజీ పంతులుగారి నోట వచ్చింది. కాలేజీ మన దగ్గర ఉంటే అలాంటి లాభాలు కూడా ఉంటాయి. ఫీజుల పట్టికలో అవి కనిపించవు.

మా అవ్వవాళ్ల అన్నగారు అనంతపురంలోనే చదివారు. యుద్ధానికి ముందు మాట. మా ఊరికి అప్పట్లో రైలు లేదు. బేతంచెర్ల దాకా ఎద్దులబండి, అక్కణ్ణుంచి రైల్లో గుంతకల్లు, అక్కడ దిగి అనంతపురం బండి. ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, ఒక మూట జొన్నలు. జొన్నలెందుకంటారేమో. ఎవరింట్లో తింటాడో వాళ్లకు ఇవ్వడానికి. హాస్టలుకు కట్టే స్తోమత లేక ఆయన వారాలు చేసుకొని చదివారు. సోమవారం ఒక ఇంట్లో భోజనం, మంగళవారం ఇంకో ఇంట్లో. ఏడు వారాలకు ఏడిళ్లు కుదిరితే కుర్రవాడు అదృష్టవంతుడు. ఆరే కుదిరితే ఏడోరోజు మంచినీళ్లే. మన తెలుగుదేశంలో ఎందరు పెద్దవాళ్లు వారాలబ్బాయిలుగా చదివి పైకొచ్చారో లెక్కలేదు. సత్రాలుండేవి, ఆ తర్వాత సంఘాల పేర్లతో హాస్టళ్లొచ్చాయి. హైదరాబాదులో రాజబహదూర్ వెంకటరామారెడ్డిగారు 1918లో పెట్టిన రెడ్డి హాస్టలు అలాంటిదే. ఏదో ఒక దారిన మగపిల్లవాడు గడిపేసేవాడు.

మా అవ్వ ఈ కథ చెప్పినప్పుడల్లా చివర ఒకమాట అనేది. "వాడంటే వారాలు చేసుకున్నాడు. నన్నెవరు వారానికి పెట్టుకుంటారే?"

చిన్నప్పుడు నాకు ఆ మాట నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు అర్థమవుతోంది. మగపిల్లవాడి చదువుకు అడ్డం డబ్బు. ఆడపిల్ల చదువుకు అడ్డం చోటు. పరాయి ఊళ్లో ఏడిళ్లలో తిని, సత్రం అరుగుమీద పడుకొని ఏ ఆడపిల్ల చదువుతుంది? ఏ తండ్రి పంపుతాడు? కనుక ఆడపిల్లకు కాలేజీ ఉంటే సరిపోదు, కాలేజీలో ఉండడానికి గది కావాలి. ఈ తేడా తెలియకుండా మన చదువుల చరిత్ర ఎంత రాసినా అది సగమే.

ఈ సంగతి మనవాళ్లకే కాదు, దొరసానులకూ ఎదురైందే. ఇంగ్లండులో ఎమిలీ డేవిస్ అనే ఆవిడ, ఆవిడ స్నేహితురాళ్లు 1869లో ఆడపిల్లలకు కాలేజీ పెట్టినప్పుడు కేంబ్రిడ్జిలో పెట్టలేదు. హిచిన్ అనే ఊళ్లో, అద్దె ఇంట్లో, అయిదుగురు అమ్మాయిలతో మొదలుపెట్టారు. 1873లో కేంబ్రిడ్జి దగ్గరకు వచ్చినా, మగపిల్లల కాలేజీలకు రెండు మైళ్ల ఎడంగా గిర్టన్ అనే పల్లెలో కట్టుకున్నారు. నలుగురూ నాలుగు మాటలనకుండా ఉండాలని. అంతా చేసి, ఆ విశ్వవిద్యాలయం ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా డిగ్రీ ఇచ్చింది 1948లో. మా సంస్థానం విలీనమైన ఏడు! మేమే వెనకబడ్డామని ఇక ఎవరైనా అంటే ఈ తేదీ చెప్పండి.

మదరాసులో కూడా 1914లో, 1915లో వరసగా రెండు ఆడపిల్లల కాలేజీలు వచ్చాయి. సముద్రపు ఒడ్డున సర్కారువారిది ఒకటి. మిస్ డి ల హే అనే ఆవిడ మొదటి ప్రిన్సిపాలు. తర్వాత దానికే క్వీన్ మేరీస్ అని పేరొచ్చింది. రెండోది మిషనరీ సంఘాలన్నీ కలిసి పెట్టిన విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ. మిస్ మెక్‌డూగల్ ప్రిన్సిపాలు. మొదటి ఏడు చేరినవాళ్లు 41 మంది. ఇవాళ ఒక్క సెక్షనులో అంతకంటే ఎక్కువమంది కూర్చుంటున్నారు. ఆ రెండు కాలేజీలకూ హాస్టళ్లు ఉండడం వల్లనే తెలుగుజిల్లాల నుంచి అమ్మాయిలు అక్కడిదాకా పోగలిగారు. ఉన్నవాళ్ల ఇళ్లనుంచే అనుకోండి. మా అవ్వలాంటివాళ్లకు మదరాసంటే క్యాలెండరు మీద బొమ్మే.

హైదరాబాదు సంగతీ ఒకమాట. అక్కడ నిజాం రోజుల్లోనే, 1924లో ఆడపిల్లల కాలేజీ మొదలైంది. 1949లో అది కోఠీలోని రెసిడెన్సీ భవనంలోకి మారింది. ఒకప్పుడు ఇంగ్లీషు దొరలు దర్బారు చేసిన ఆ స్తంభాల భవనంలో తరతరాల అమ్మాయిలు పాఠాలు చదువుకున్నారు.

ఇక దుర్గాబాయమ్మగారి కథ చెప్పకుండా ఉండలేను. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయిగారు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, బయటికొచ్చాక పట్టుదలగా బెనారసు మెట్రిక్యులేషనుకు కూర్చున్నారు. ఇంటరు అయ్యాక రాజనీతిశాస్త్రం చదవాలని వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు. మా రాయలసీమ పక్క చిత్తూరు జిల్లా మనిషే, పెద్ద పండితుడు. ఆయన చెప్పిన అభ్యంతరం ఏమిటో తెలుసా? ఆడపిల్లలకు హాస్టలు లేదమ్మా అని. ఫీజు కాదు, మార్కులు కాదు, హాస్టలు! ఇంకొకరైతే కళ్లు తుడుచుకుని రైలెక్కేవారు. ఆవిడ పత్రికల్లో ప్రకటన వేయించారు. హాస్టలు లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలెవరైనా ఉంటే నాకు రాయండి అని. కొందరు అమ్మాయిలు రాశారు. వాళ్లందరినీ కూడగట్టి తామే ఒక వసతి ఏర్పాటు చేసుకుని, ఇదిగో హాస్టలు, ఇక సీటివ్వండి అన్నారు. ఇవ్వక తప్పలేదు.

ఆవిడే 1937లో మదరాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్లను కూర్చోబెట్టి మెట్రిక్ పరీక్షలకు తయారుచేయించారు. రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. 1958లో కేంద్రప్రభుత్వం స్త్రీవిద్య మీద జాతీయ సంఘం వేస్తే దానికి అధ్యక్షురాలు కూడా ఆవిడే. హాస్టలు లేదని తిప్పిపంపబోయిన అమ్మాయి దేశంలో ఆడపిల్లల చదువు ఎలా ఉండాలో చెప్పే కుర్చీలో కూర్చుంది. హైదరాబాదులో 1968లో ఆంధ్ర మహిళా సభవారి కాలేజీ కూడా వచ్చింది.

విశ్వవిద్యాలయం ఎక్కడుండాలన్న దానిమీదా పెద్ద రాద్ధాంతమే జరిగింది. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరు చేరింది. సముద్రం అందంగా ఉంటే ఉండనీ, కర్నూలువాడికి వాల్తేరు మదరాసు కంటే దూరం గదా! ఈ కినుక, నీళ్ల కినుక, రాజధాని కినుక అన్నీ కలిసి 1937 నవంబరు 16న మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఇంట్లో శ్రీబాగ్ ఒడంబడికగా కుదిరాయి. వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి విశ్వవిద్యాలయ కేంద్రాలు ఉండాలని అందులో రాసుకున్నారు. రాసుకున్నది వేరు, జరిగింది వేరు. ఆంధ్రరాష్ట్రం వచ్చాక 1954లో విశ్వవిద్యాలయం తిరుపతిలో పెట్టారు. అనంతపురానికి 1968లో పి.జి. కేంద్రం, 1981లో శ్రీకృష్ణదేవరాయల పేరుతో పూర్తి విశ్వవిద్యాలయం వచ్చాయి. కర్నూలుకు ఇంకా ఆలస్యం, 2008. ఇరుగుపొరుగు పట్నాలు ఒక కాలేజీ కోసం ఇంతగా ఎందుకు పోట్లాడుకుంటాయా అని మగవాళ్లు పేపరు చదువుతూ విసుక్కుంటారు. కూతురున్న ఏ తల్లినడిగినా చెబుతుంది ఎందుకో. యాభై మైళ్ల దూరంలో ఉంటే చదువు, రెండువందల మైళ్ల దూరంలో ఉంటే పెళ్లి.

తిరుపతిలో అంతకుముందే, 1952లో, దేవస్థానంవారు పద్మావతీ మహిళా కళాశాల పెట్టారు. అది మా సీమ ఆడపిల్లలకు చాలా పెద్ద సంగతి. చదువు మీద నమ్మకం లేని ముసలివాళ్లకు కూడా వెంకన్న మీద నమ్మకం ఉంది. "స్వామి పాదాల దగ్గరే గదా, పోనీ" అని తలుపు తీశారు. స్థలం అంటే ఇదే మరి. కొండలు, చెట్లు, భవనాలు మాత్రమే కాదు, ఊరి పేరు చెబితే ఇంట్లో పెద్దవాళ్ల ముఖం ఎలా మారుతుందో అది కూడా స్థలమే. 1983లో అక్కడ ఆడవాళ్లకు ప్రత్యేకంగా విశ్వవిద్యాలయమే వచ్చింది.

మా కర్నూలు కూడా ఊరకే కూర్చోలేదు. 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ గారు ఉస్మానియా కాలేజీ స్థాపించారు. ఆయన పేరుతోనే ఇటీవల కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. 1972లో, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా, సర్కారువారు సిల్వర్ జూబిలీ కాలేజీ పెట్టారు. దీని కథ విచిత్రం. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం. రాష్ట్రమంతా ఒకరి మొహం ఒకరు చూసుకోని రోజులు. అలాంటప్పుడు మూడు ప్రాంతాల్లోనూ మెరికల్లాంటి పిల్లల్ని ఏరి, ఒకే హాస్టల్లో పెట్టి చదివిద్దాం అనుకున్నారు. కాలేజీ చిన్నది, ఖర్చు తక్కువ, పేరు పెద్దది. జొన్నరొట్టె తినేవాడు, వరన్నం తినేవాడు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. రాష్ట్రం 2014లో విడిపోయింది గాని ఆ బల్ల దగ్గరి స్నేహాలు విడిపోయి ఉండవు.

ఆ తర్వాతిదంతా మీకు తెలిసిన కాలమే కనుక గబగబా చెప్పేస్తాను. 1969లో పి.యు.సి. పోయి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుతో స్థానికులకు నూటికి 85 సీట్లు కేటాయించారు. అప్పటినుంచే మనం "లోకల్, నాన్‌లోకల్" అనే మాటలు వంటింట్లో కూడా వాడుతున్నాం. డొనేషన్లు మితిమీరితే 1983లో కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేశారు. 1986లో ఎంసెట్ మొదలైంది. తొంభైల్లో ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలు వాన వెలిసిన తర్వాత పుట్టగొడుగుల్లా లేచాయి. మా నంద్యాలలోనే 1995లో ఒకటి వచ్చింది. ఫీజుల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1993 నాటి ఆ పెద్ద తీర్పులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ఆ తరవాత కొన్నేళ్లకు ప్రభుత్వమే ఫీజు తిరిగి చెల్లించే పథకాలు వచ్చాయి. ఎందరో పేదపిల్లలు వాటితో గట్టెక్కారు, కాదనను. కాని ఒకటి గమనించారా? ఈ నలభై ఏళ్లలో మాట్లాడుకున్నదంతా ఫీజు గురించే. గది మాట మళ్లీ వెనకబడింది.

నా సంగతి చెబితే మీకు అర్థమవుతుంది. నేను పదో తరగతి పాసయింది 1996లో. మా ఊళ్లో మగపిల్లలతో కలిసి చదవడానికి మా నాన్న ఒప్పుకోలేదు. పోనీ అని ఒక పట్నంలో ఆడపిల్లల కాలేజీకి దరఖాస్తు పెట్టాం. సీటొచ్చింది. ఫీజు కూడా ఎంతో కాదు, మా నాన్న జేబులో తీసుకొచ్చారు. హాస్టల్లో చోటు లేదన్నారు. వచ్చే ఏడాది చూద్దాం, ప్రస్తుతానికి ఎక్కడైనా గది తీసుకోండి అని గుమాస్తా చెప్పాడు. పదిహేనేళ్ల పిల్లకు గది తీసుకోమని! మా నాన్న డబ్బు మళ్లీ జేబులో పెట్టుకున్నారు. తిరుగు ప్రయాణంలో బస్సు పాణ్యం దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. వచ్చే ఏడాది వచ్చేసరికి నాకు సంబంధాలు చూడ్డం మొదలైంది.

ఎవరినీ తప్పుపట్టను. దుర్గాబాయమ్మగారు అరవై ఏళ్లకు ముందు విన్నమాటే నేనూ విన్నానని ఈ మధ్యే తెలిసింది. ఆవిడ ప్రకటన వేయించారు, నేను ఇంటికొచ్చాను. అంతే తేడా.

నాలాంటివాళ్ల కోసమే 1982లో మన రాష్ట్రంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో అదే మొదటిది. హాస్టలు అక్కర్లేదు, అప్పట్లో ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది, రేడియోలో కూడా పాఠాలు చెప్పేవారు. రేడియోలో మాట్లాడ్డానికి పోయే నేను రేడియోలో పాఠాలు ఎందుకు వినలేదని మా అమ్మాయి అడుగుతుంది. జవాబు వెతుక్కుంటున్నాను.

సరే, మళ్లీ మా వసారాలోకి రండి. ఇదంతా పోగుచేసుకున్నాక నాకు ఒక ధైర్యం వచ్చింది. మొన్న రాత్రి భోజనాలయ్యాక ఆ రంగుల పుస్తకాలు ముందేసుకుని మావారిని నాలుగు అడిగాను. ఈ విజయవాడ కాలేజీలో గదికి ఎంతమంది? పుస్తకంలో ఈతకొలను ఉంది, గది బొమ్మ లేదు. వేలమందిలో మన పిల్లకు ఒంట్లో బాగాలేకపోతే ఎవరికి తెలుస్తుంది? లెక్కలు చెప్పే మేష్టారు మూడేళ్లూ ఉంటారా, ఏడాదికొకరు మారతారా? ఆయన నా వంక కొత్తగా చూశారు. అత్తగారిని కూడా అడిగాను. నంద్యాలకు రానూపోనూ రోజుకు మూడుగంటలు పోతే, ఇంటికొచ్చాక చదువుకుంటుందా, మనకు అంట్లు తోముతుందా? ఆవిడ నవ్వి, "తోమిస్తాంలే, ఎందుకు తోమించం" అన్నారు. నిజమే చెప్పారు, మహాతల్లి. అమ్మాయినీ వదల్లేదు. తిరుపతి నీకెందుకిష్టం, చదువు బాగుంటుందనా, నీ స్నేహితురాలు చేరిందనా? తల దించుకుంది. ఆ తర్వాత నెమ్మదిగా, అక్కడ లెక్కల్లో పై చదువు కూడా ఆ ఊళ్లోనే చదువుకోవచ్చమ్మా అంది. ఆ మాట నాకు నచ్చింది. డిగ్రీ అయ్యాక మళ్లీ మూటముల్లె సర్దుకుని ఇంకో ఊరు వెతకనక్కర్లేదు. ఆ ఒక్కటీ ఏ పుస్తకంలోనూ ఎవరూ రాయలేదు.

ఖర్చులు కాగితం మీద వేశాం. ఫీజు ఒక్కటే కాదు, మెస్సు బిల్లు, ఏడాదికి ఎన్నిసార్లు ఇంటికి రావాలి, వచ్చినప్పుడల్లా ఛార్జీలు, వేసవిలో నీళ్ల ఇబ్బందికి బయట కొనుక్కునే డబ్బాలు, పండక్కి రెండు జతలు, అన్నీ వేశాం. తక్కువ ఫీజుదే ఎక్కువ ఖర్చు అయ్యే సందర్భం ఉందని మావారే కనిపెట్టారు. వ్యాపారస్థులు గదా.

వచ్చే గురువారం నేనూ మా అమ్మాయీ తిరుపతి వెళ్తున్నాం. చేరడానికి కాదు, చూడ్డానికి. మా ఊరికి 2016లో రైలొచ్చింది. నంద్యాల నుంచి ఎర్రగుంట్ల వెళ్లే లైను మా బనగానపల్లె మీదుగానే పోతుంది. ఎద్దులబండిలో బేతంచెర్ల పోనక్కర్లేదు. కడపలో దిగి అక్కణ్ణుంచి తిరుపతి పోతాం. దర్శనం కుదిరితే కుదిరింది, లేకపోతే లేదు. హాస్టలు మాత్రం చూడాలి. మేడ మీద గదులా, కింద గదులా, కిటికీలు ఎటువైపు, సాయంత్రం గేటు ఎప్పుడు వేస్తారు, వార్డెనమ్మ పిల్లల పేర్లు పెట్టి పిలుస్తుందా, నంబర్లు పెట్టి పిలుస్తుందా. వంటగదిలోకి ఒకసారి తొంగిచూడనిస్తారేమో అడుగుతాను. అక్కడ చదివే మన వైపు పిల్లలుంటే వాళ్లనీ అడుగుతాను. ఊరకే పోము లెండి, ఒక బుట్ట బేనిషాలు పట్టుకుపోతున్నాం. నాలుగురోజుల్లో మాగుతాయి.

నంద్యాల కాలేజీ దరఖాస్తు గడువు ఇంకా పదిరోజులుంది. దాన్ని చింపలేదు, గూట్లో పెట్టాను. విజయవాడవాళ్లు మాత్రం రోజుకు రెండుసార్లు ఫోను చేస్తున్నారు. మీలో ఎవరి ఇంట్లోనైనా ఇదే తగువు నడుస్తుంటే, మీరు ఏం చూసి నిర్ణయించారో ఒక ఉత్తరం ముక్క రాయండి. ఉంటాను.